పొద్దున ఒక మిస్సింగ్, ఇంజన్ వేడెక్కాక ఇంకొకటి: పాత మారుతీ 800 కేసు

బండి మారుతీ 800, 1994 మోడల్. కార్బొరేటర్ ఇంజన్, ఒక్కో ప్లగ్‌కీ వరసగా స్పార్క్ పంచే పాత రకం, పాయింట్ సెట్ ఉన్న డిస్ట్రిబ్యూటర్. తర్వాతెప్పుడో ఎల్పీజీ కిట్ పెట్టించి ఆర్సీలో ఎక్కించారు. యజమాని అమలాపురం వైపు ఉండే రిటైర్డ్ మాస్టారు. నా షెడ్డు రాజమండ్రిలో. కంప్లైంట్ ఒకే మాట: మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండక ఇంజన్ తడబడటం. పొల్యూషన్ టెస్ట్‌లో బండి ఫెయిలైంది కాబట్టి ఆయనకు అసలు టెన్షన్ ఆ సర్టిఫికెట్ గురించే.

నా దగ్గరికి వచ్చేసరికే అందులో ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కాయిల్, కండెన్సర్ అన్నీ కొత్తవి. కార్బొరేటర్ విప్పి, కడిగి, రిపేర్ కిట్ కూడా వేశారు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మాత్రం పాతదే, లోపల ఎమెరీ పేపర్‌తో రుద్ది మళ్ళీ బిగించారు. ఇంత చేసినా మిస్సింగ్ పోలేదు. ముందు చూసిన మెకానిక్‌ని నేను తప్పు పట్టను. పాత బండి ప్లగ్గులు చవక, కూర్చుని ఆలోచించడం కంటే మార్చేయడమే తొందరగా అయిపోతుంది. కాకపోతే అలా మార్చుకుంటూ పోతే పాత ప్లగ్గులతో పాటు వాటి మీది రంగు కూడా చెత్తబుట్టలోకి పోతుంది. ఏ సిలిండర్ ఎలా మండుతోందో ఆ రంగు సగం చెప్పేది. అడిగితే పారేశారన్నారు.

"ఎప్పుడు మిస్సవుతుందండీ మాస్టారూ?"

"ఎప్పుడేంటయ్యా, ఎప్పుడూ అవుతుంది."

యజమానులందరూ ఇదే మాట అంటారు. అందుకే నేను ముక్కలు ముక్కలుగా అడుగుతాను. పొద్దున మొదటి స్టార్టింగ్‌లోనా? ఎంతసేపటికి సర్దుకుంటుంది? గేటు దగ్గర ఆగినప్పుడా, స్పీడులోనా? పెట్రోల్ మీదా, గ్యాస్ మీదా? వాన పడ్డ రోజున ఎక్కువవుతుందా? ఒక్కో ప్రశ్నకూ ఆయన ఆలోచించుకుని చెప్పేసరికి ఒక కథ కాస్తా రెండు కథలైంది.

మొదటిది చలికాలం పొద్దుటి కథ. కోనసీమలో మంచు ఎలా కురుస్తుందో తెలిసిందే. బండి బయట పెట్టి ఉంచిన రోజున ఆలస్యంగా స్టార్టవుతుంది, కాసేపు దడదడలాడుతుంది, తర్వాత దానంతటదే తగ్గిపోతుంది. రెండోది ప్రయాణం కథ. అమలాపురం నుంచి వచ్చి రావులపాలెం సెంటర్లో స్లో చేసేసరికి స్టీరింగు, డ్యాష్‌బోర్డు వణకడం మొదలవుతుంది. హైవే ఎక్కి జొన్నాడ బ్రిడ్జి మీద స్పీడందుకుంటే ఏమీ ఉండదు. మళ్ళీ ఊళ్ళోకొచ్చి ఆపితే అదే వణుకు.

"మధ్యలో మాత్రం బంగారంలా నడుస్తుందయ్యా" అన్నారు మాస్టారు.

నాకు కావలసింది ఆ 'మధ్యలో' అన్న మాటే. చల్లగా ఉన్నప్పుడు ఉండి, కాసేపటికి పోయి, బాగా వేడెక్కాక మళ్ళీ వచ్చే జబ్బుకు కారణం ఒక్కటే కావడం అరుదు. రెండు వేర్వేరు లోపాలు ఉండొచ్చని, ప్రతి పరీక్షా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి చేయాలని అప్పుడే అనుకున్నాను.

పొల్యూషన్ స్లిప్ తీసుకుని చూశాను. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.9 శాతం, హెచ్‌సీ (మండకుండా మిగిలిన ఇంధనం, హైడ్రోకార్బన్లు) 2150 పీపీఎం. బీఎస్-2 కాలుష్య ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, సీఓ 3 శాతం, హెచ్‌సీ 1500 పీపీఎం దాకా అనుమతి ఉంది. అంటే సీఓలో బండి హాయిగా పాసైంది, హెచ్‌సీలో పోయింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. పెట్రోల్ ఎక్కువ పోతుంటే రెండూ పెరుగుతాయి. సీఓ తక్కువగా ఉండి హెచ్‌సీ ఒక్కటే పెరిగిందంటే పెట్రోల్ ఎక్కువై కాదు, ఏదో ఒక సిలిండర్లో అసలు మండకుండానే బయటికి పోతోందని. ఈ స్లిప్ చూసి ఎవరో బండి రిచ్‌గా ఉంది, అంటే గాలిలో పెట్రోల్ పాలు ఎక్కువైందనుకుని, ఆ పాలు తగ్గించడానికి మిక్శ్చర్ స్క్రూ బాగా లోపలికి తిప్పేశారు. దాంతో ఉన్న మిస్సింగ్‌కి మిక్శ్చర్ పల్చబడటం కూడా తోడైంది. ముందుగా ఆ స్క్రూని మామూలు స్థానానికి తెచ్చాను. కొత్త వైర్లు వేశారు కాబట్టి వాటి వరస కూడా చూశాను. ఈ మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-2. అది సరిగ్గానే ఉంది.

బండిని రాత్రి షెడ్డు బయటే వదిలేశాం. పొద్దున బానెట్ మీద మంచు అలాగే ఉండగా స్టార్ట్ చేస్తే మాస్టారు చెప్పినట్టే దడదడ. ఐడిలింగ్‌లో ఒక్కో ప్లగ్ వైరునూ ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో తీసి, దాని కొన ఇంజన్ బాడీకి ఆనించి చూశాను. పనిచేస్తున్న సిలిండర్ వైరు తీస్తే ఇంజన్ శబ్దం పడిపోతుంది. మొదటిది తీస్తే పడింది, మూడోది తీస్తే పడింది. రెండోది తీస్తే ఏ తేడా లేదు. ఈ వైరు తీసే పద్ధతి ఇలాంటి పాత బండ్లకే సరి. కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లుండే ఎంపీఎఫ్ఐ బండ్లలో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడాలి, లేకపోతే మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడు చేస్తుంది. ఎల్పీజీ బండిలో అయితే ముందు ఎక్కడా గ్యాస్ లీకు లేదని సబ్బు నురుగుతో చూసుకున్నాకే స్పార్కుతో ఆటలాడాలి.

ఎండ తగిలి ఇంజన్ కాస్త వెచ్చబడగానే రెండో సిలిండర్ దానంతటదే అందుకుంది. అప్పుడు స్ప్రే సీసాతో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద కొద్దిగా నీళ్ళు చల్లితే వెంటనే మళ్ళీ పడిపోయింది. షట్టర్ దించి చీకట్లో చూస్తే క్యాప్ అంచున సన్నటి నీలం గీత మెరుస్తోంది. క్యాప్ ఊడదీసి లోపలి వైపు వెలుతురులో తిప్పి చూశాను. రెండో టెర్మినల్ నుంచి క్లిప్ వైపుకి వెంట్రుకంత నల్లటి గీత. కార్బన్ ట్రాక్ అంటే ఇదే. ఒకసారి స్పార్క్ ఆ దారిన పారితే అక్కడి ప్లాస్టిక్ మాడి కార్బన్ అవుతుంది, కార్బన్‌లో కరెంటు పారుతుంది కాబట్టి తర్వాతి స్పార్క్‌కి ఆ దారి ఇంకా సులువవుతుంది. సిలిండర్లో నొక్కుకుపోయిన గాలి మధ్య ప్లగ్ గ్యాప్ దూకడం కంటే క్యాప్ మీదుగా ఎర్త్‌కి పోవడమే దానికి తేలిక. పైన తేమ చేరితే చెప్పక్కర్లేదు. ఎమెరీ పేపర్ రుద్దడం వల్ల క్యాప్ నునుపు పోయి గీతలు పడ్డాయి, వాటిలో తేమా దుమ్మూ నిలవడం ఇంకా ఎక్కువైంది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌ని గుడ్డతో తుడవాలి గానీ రుద్దకూడదు. పైగా ఇది గ్యాస్ మీద నడిచే బండి. పెట్రోల్‌తో పోలిస్తే గ్యాస్ మిక్శ్చర్‌ని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే పెట్రోల్ మీద బయటపడని చిన్న లీకు గ్యాస్ మీద బయటపడుతుంది.

క్యాప్, దాని లోపల తిరిగే రోటర్ కొత్తవి వేశాం. పాయింట్ గ్యాప్ ఫీలర్ గేజ్‌తో సరిచేశాం. ఆ తర్వాత క్యాప్ మీద ఎన్ని నీళ్ళు చల్లినా రెండో సిలిండర్ పడలేదు.

చల్లటి ఇంజన్ మీద కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్లో వచ్చే ఒత్తిడి, కూడా అప్పటికే చూసి పెట్టుకున్నాను. మొదటి సిలిండర్ 165, రెండోది 160, మూడోది 150 పీఎస్ఐ. మూడోది కొంచెం తక్కువ, కానీ తప్పు పట్టేంత కాదు. చాలామంది కంప్రెషన్ ఇలా చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూసి, బాగుందని రాసుకుని వదిలేస్తారు.

ఇక రెండో కథ. బండిని కడియం దాకా తోలుకెళ్ళి, నర్సరీల మధ్య ఆ ఇరుకు రోడ్లో రెండు మూడు చోట్ల ఆగుతూ తిప్పుకొచ్చాను. షెడ్డులో పెట్టి ఐడిలింగ్‌లో ఉంచితే వణుకు వచ్చేసింది. మళ్ళీ వైర్లు తీసి చూశాను. ఈసారి రెండోది తీస్తే శబ్దం పడుతోంది, మూడోది తీస్తే ఏ తేడా లేదు. పొద్దున పోయింది రెండో సిలిండర్, వేడి మీద పోయింది గేర్‌బాక్స్ వైపున్న మూడోది. మాస్టారి బండిలో రెండు జబ్బులున్నాయని ఖాయమైంది ఇక్కడే.

గ్యాస్ ఆపి పెట్రోల్‌కి మార్చాను. కార్బొరేటర్లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్ నిండేదాకా ఆగి చూస్తే అదే సిలిండర్, అదే వణుకు. రెండు ఇంధనాల మీదా ఒకేలా ఉందంటే కార్బొరేటర్‌నీ గ్యాస్ కిట్‌నీ ఒకేసారి అనుమానాల జాబితా నుంచి తీసేయొచ్చు. ఎల్పీజీ బండ్లలో ఇది ఉచితంగా దొరికే పరీక్ష, అయినా దీన్ని వాడుకునేవాళ్ళు తక్కువ. తర్వాత మూడో ప్లగ్‌ని మొదటి సిలిండర్లోకి, మొదటిదాన్ని మూడోదాంట్లోకి మార్చాను. మిస్సింగ్ ప్లగ్‌తో పాటు వెళ్ళలేదు, మూడో సిలిండర్లోనే ఉండిపోయింది. స్పార్క్ టెస్టర్ పెడితే ఆ వైరులో స్పార్క్ బలంగా ఉంది. ఇంధనం కాదు, స్పార్క్ కాదు. ఇక మిగిలింది కంప్రెషన్.

ఇంజన్ వేడి మీద ఉండగానే మూడు ప్లగ్గులూ తీసి, కాయిల్ కనెక్షన్ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టించాను. 160, 155, 95. పొద్దున 150 చూపించిన సిలిండర్ మధ్యాహ్నానికి 95కి దిగింది. ఒక చెంచా ఇంజన్ ఆయిల్ ప్లగ్ కన్నంలో పోసి మళ్ళీ చూస్తే 100. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందు మూసి రీడింగ్ బాగా పెరగాలి. పెరగలేదు కాబట్టి రింగులు కాదు.

తర్వాత మూడో పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ చివర టాప్‌కి తెచ్చి, గేర్లో పెట్టి, బండి కదలకుండా హ్యాండ్ బ్రేక్ వేసి, ప్లగ్ కన్నం నుంచి కంప్రెసర్ గాలి లోపలికి పంపించాం. ఆ స్థితిలో మిక్శ్చర్ లోపలికొచ్చే ఇన్లెట్ వాల్వు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు రెండూ మూసి ఉండాలి. గాలి ఎక్కడ బుస్సుమంటుందో వింటే చాలు. కార్బొరేటర్లో వినిపిస్తే ఇన్లెట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. మాకు సైలెన్సర్ గొట్టంలో వినిపించింది. షెడ్డు కుర్రాడు అరచెయ్యి అడ్డం పెట్టి, "గాలి కొడుతోంది అన్నా" అన్నాడు. అంటే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు.

మర్నాడు ఇంజన్ పూర్తిగా చల్లారాక టాపెట్ కవర్ విప్పాం. వాల్వుని నొక్కి తెరిచే రాకర్ అనే మీటకీ వాల్వు కాడకీ మధ్య గ్యాప్‌ని సరిచేసేదే టాపెట్. ఇన్లెట్ టాపెట్లన్నీ బాగానే ఉన్నాయి. ఎగ్జాస్ట్‌లో మొదటి దానికి ఫీలర్ గేజ్‌లో 0.10 మిల్లీమీటర్ల బ్లేడు, రెండో దానికి 0.08 బిగువుగా దూరాయి. మూడో దాంట్లో 0.05 కూడా దూరలేదు. రాకర్ వాల్వు మీద ఆనుకునే ఉంది.

మెకానిక్‌ల్లో ఒక మాట ఉంది, మోగే టాపెట్‌తో భయం లేదు, మోగనిదానితోనే భయం అని. టాపెట్ వదులైతే టకటకమంటుంది, యజమాని పరిగెత్తుకొస్తాడు. బిగుసుకుపోతే శబ్దం ఉండదు, ఇంజన్ ఎంత మెత్తగా ఉందో అని అందరూ మెచ్చుకుంటారు. మాస్టారు కూడా ఒకప్పుడు శబ్దం వస్తోందని టాపెట్లు బిగింపించుకున్నారట. వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు అన్నిటికంటే ఎక్కువ వేడి భరించేది కాబట్టి ఎక్కువ సాగుతుంది. ఆ సాగుదలకు చోటు ఉండాలనే టాపెట్ దగ్గర గ్యాప్ వదులుతారు. గ్యాప్ లేకపోతే సాగిన కాడ రాకర్‌కి తగిలి, వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోలేదు, వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కంప్రెషన్ బాగుండి వేడి మీద పడిపోవడానికి ఇదే కారణం. వాల్వు తన వేడిని వదిలేది కూడా సీటుకి ఆనినప్పుడే. ఆనకపోతే ఇంకా వేడెక్కుతుంది, ఇంకా సాగుతుంది, చివరికి అంచు కాలిపోతుంది.

మరి స్పీడులో ఎందుకు తెలియలేదు? ఐడిలింగ్‌లో పిస్టన్ నెమ్మదిగా పైకొస్తుంది, సన్న సందులోంచి గాలి జారుకోవడానికి బోలెడు సమయం. లోపలికొచ్చే మిక్శ్చర్ కూడా కొద్దిగానే. స్పీడు పెరిగితే జారిపోయే సమయమూ ఉండదు, మిక్శ్చరూ నిండుగా వస్తుంది, సిలిండర్ ఎలాగో మండిపోతుంది. జొన్నాడ బ్రిడ్జి మీద మాస్టారికి బండి బాగున్నట్టు అనిపించింది అందుకే.

టాపెట్ ఒకసారి ఎక్కువ బిగించడం ఒక్కటే కారణమా, లేక సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతోందా అన్నది తేలాలి. సీటు అరిగితే వాల్వు పోర్టులోకి దిగి కాడ పైకి లేస్తుంది, గ్యాప్ దానంతటదే మూసుకుపోతుంది. ఒకప్పటి పెట్రోల్లో సీసం ఉండేది. అది మండి వాల్వు సీటు మీద పల్చటి పొరలా నిలిచి అరుగుదలను ఆపేది. దేశమంతా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఎల్పీజీలో సీసం సంగతి అటుంచి, ద్రవ రూపంలో పెట్రోల్ ఇచ్చే ఆ కాస్త తడి, చల్లదనం కూడా ఉండవు. గ్యాస్ మీద ఏళ్ళ తరబడి తిరిగిన పాత బండ్లలో ఎగ్జాస్ట్ సీట్లు దిగిపోవడం మేం తరచూ చూసేదే.

ఎగ్జాస్ట్ టాపెట్లన్నీ చల్లటి ఇంజన్ మీద 0.20కి పెట్టాను. మళ్ళీ వేడి చేసి చూస్తే మూడో సిలిండర్ 130 చూపించింది. వణుకు బాగా తగ్గింది. హెచ్‌సీ 900కి దిగింది, పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చేసింది. కానీ గాలి పెడితే సైలెన్సర్లో సన్నగా ఇంకా బుస్సుమంటూనే ఉంది. మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పాను. వాల్వు అంచు కొంత కాలిపోయి ఉంటుంది, వాల్వులుండే ఇంజన్ పై భాగాన్ని, అంటే హెడ్డుని, దించితే పూర్తిగా బాగవుతుంది, దించకపోతే ఇలాగే కొన్నాళ్ళు నడుస్తుంది, మధ్యలో టాపెట్లు చూపించుకుంటూ ఉండాలి.

"సర్టిఫికెట్ వచ్చేసిందిగా, ఇప్పటికి వదిలెయ్యవయ్యా" అన్నారు.

వదిలేశాను. అది ఆయన బండి, ఆయన డబ్బు. నా వరకు అది పరీక్షకి కూడా పనికొస్తుంది. గ్యాప్ నిలిస్తే తప్పు పాత సెట్టింగుది, మళ్ళీ మూసుకుపోతే సీటుది.

ఉగాది వెళ్ళాక బండి మళ్ళీ వచ్చింది. మూడో ఎగ్జాస్ట్ గ్యాప్ 0.20 నుంచి 0.08కి దిగిపోయింది. లాక్ నట్టు కదలలేదు, దాని మీద నేను పెట్టిన పెయింటు గుర్తు అలాగే ఉంది. సీటే దిగుతోంది. ఈసారి మాస్టారు వాదించలేదు.

హెడ్డు దించాం. మూడో ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒక పక్క తెల్లగా మాడి గుంటలు పడింది. సీటు చుట్టూ గిన్నెలా లోతైంది. మిగతా రెండు ఎగ్జాస్ట్ సీట్లూ అదే దారిలో ఉన్నాయి. ఇలాంటప్పుడు గ్రైండింగ్ పేస్టు వేసి రుద్ది మూసేసేవాళ్ళున్నారు, దానివల్ల కొన్ని నెలలే గడుస్తాయి. గ్రైండింగ్ అంటే ఉన్న సీటును ఇంకొంచెం తినడమే. లేత్ షాపులో మూడు ఎగ్జాస్ట్ సీట్లూ తీయించి గట్టి రకం సీట్లు కూర్చోబెట్టించి, 45 డిగ్రీల కోత వేయించాం. ఎగ్జాస్ట్ వాల్వులు మూడూ కొత్తవి. వాల్వు కాడలు కదిలే గైడ్లలో ఎంత వదులుందో చూసుకుని, సీల్స్ అన్నీ మార్చాం. హెడ్డు అడుగు భాగం మీద సూటి పట్టీ పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే వంపు 0.05 మిల్లీమీటర్ల లోపే, అందుకని లెవెల్ కొట్టించలేదు. బిగించే ముందు పోర్టుల్లో పెట్రోల్ పోసి కాసేపు ఉంచితే చుక్క కూడా దిగలేదు. గాస్కెట్, టైమింగ్ బెల్టు కొత్తవి వేసి, బోల్టులు మధ్య నుంచి బయటికి వరసగా, టార్క్ రెంచితో రెండు మూడు విడతల్లో బిగించాం.

పనిలో పనిగా పాత పెట్రోల్ రబ్బరు గొట్టాలు కూడా మార్చేశాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ రోజుల రబ్బరు దానికి ఉబ్బి, చిట్లుతుంది. ఇథనాల్ వల్ల మిక్శ్చర్ కూడా పల్చబడుతుంది కాబట్టి, ఈ బండికి మిక్శ్చర్ స్క్రూని గ్యాస్ ఎనలైజర్ చూసుకుంటూ మామూలు కంటే కాస్త బయటికే ఉంచాను.

చివరి రీడింగులు: వేడి మీద కంప్రెషన్ 165, 165, 160. పెట్రోల్ మీద సీఓ 1.4 శాతం, హెచ్‌సీ 280. కడియం తిరిగొచ్చి ఐడిలింగ్‌లో ఉంచితే మూడు వైర్లకీ శబ్దం ఒకేలా పడుతోంది. కొద్ది రోజులు తిరిగాక తీసుకురమ్మని హెడ్డు బోల్టులు, టాపెట్లు మరోసారి చూశాం. గ్యాప్ పెట్టినచోటే ఉంది. ప్రతి 5 వేల కిలోమీటర్లకీ ఎగ్జాస్ట్ టాపెట్లు చూపించుకోమని, అవి కాస్త మోగుతున్నా ఎవరి చేతా బిగింపించుకోవద్దని సర్వీస్ కార్డు మీదే రాసిచ్చాను.

"ఇంకా కొంచెం వణుకుతోందేంటయ్యా?" అని బయల్దేరేముందు అడిగారు. మూడు సిలిండర్ల ఇంజన్‌కి ఐడిలింగ్‌లో ఆ మాత్రం ఉంటుంది. దానికి తోడు గేర్‌బాక్స్ వైపు మౌంటింగ్ రబ్బరు చిట్లి ఉంది. చూపించాను. వచ్చే సర్వీసులో చూద్దాంలే అన్నారు.